రెండుసార్లు మందు మానేసిన చాంపియన్

నాకు క్విజ్ పిచ్చి ఉందని మా క్లాస్ వాళ్లందరికీ తెలుసు. పోయిన సెమిస్టర్‌లో స్పోర్ట్స్ క్విజ్‌కి ప్రిపేర్ అవుతుంటే ఒక ప్రశ్న ఎదురైంది. గ్లవ్స్ లేకుండా, ఉత్త పిడికిళ్లతో ఆడిన చివరి హెవీవెయిట్ బాక్సింగ్ చాంపియన్ ఎవరు? జవాబు జాన్ ఎల్. సలివన్. పేరు బట్టీ పట్టి వదిలేద్దాం అనుకున్నా. తీరా క్విజ్‌లో ఆ ప్రశ్న రానే లేదు. కానీ అతని గురించి చదవడం మొదలుపెట్టాక ఆపలేకపోయా. ఎందుకంటే అందులో నాకు మా బాబాయ్ కనిపించాడు.

మా బాబాయ్ ఒకప్పుడు కబడ్డీ ఆడేవాడు. జిల్లా టీమ్‌లో రైడర్. ఆ తర్వాత మందు అలవాటైంది, ఆట పోయింది. ఆ సంగతి తర్వాత చెప్తా. ముందు సలివన్ కథ. నర్సరీ నుంచీ ఇంగ్లీష్ మీడియంలో చదివినవాణ్ణి, భాషలో తప్పులుంటే సర్దుకోండి.

జాన్ లారెన్స్ సలివన్ 1858 అక్టోబర్ 15న అమెరికాలో, బోస్టన్ పక్కన రాక్స్‌బరీలో పుట్టాడు. అమ్మానాన్నలు ఐర్లాండ్ నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్లు. నాన్న పొట్టిమనిషి, కట్టడాల దగ్గర బరువులు మోసే కూలీ. అమ్మ మాత్రం భారీ మనిషి, కొడుక్కి ఆమె ఒడ్డూ పొడుగూ వచ్చాయంటారు. కొడుకుని చర్చిలో ఫాదర్‌ని చేయాలని ఆమె కోరిక. అతనేమో ప్లంబింగ్ పని, రేకు పని, తాపీ పని అన్నీ కొన్నాళ్లు చేసి, దేనిలోనూ నిలవలేదు. ఇరవై ఏళ్ల వయసులో ఒక థియేటర్‌లో, తనతో తలపడేవాడు ఎవడైనా ఉన్నాడా అని స్టేజ్ మీదున్న బాక్సర్ సవాలు విసిరితే, సలివన్ కోటు విప్పి ఎక్కేశాడు. ఒక్క దెబ్బకి ఆ బాక్సర్ స్టేజ్ దిగువన వాయిద్యాలు వాయించేవాళ్ల మధ్యలో పడ్డాడట. అక్కణ్ణుంచి మొదలైంది.

1882 ఫిబ్రవరి 7న మిసిసిపి సిటీలో పాడీ ర్యాన్‌ని 9 రౌండ్లలో ఓడించి చాంపియన్ అయ్యాడు. మొత్తం మ్యాచ్ పది పదకొండు నిమిషాలే. తర్వాత 1883, 84లో రైల్లో దేశమంతా తిరిగాడు. ప్రతి ఊళ్లోనూ ఒకటే ఆఫర్: గ్లవ్స్ వేసుకుని తనతో నాలుగు రౌండ్లు నిలబడగలిగినవాడికి డబ్బిస్తా. కొద్దికాలానికి ఆ మొత్తం 1000 డాలర్ల దాకా వెళ్లింది. అప్పట్లో చాలామంది కూలీలకి రెండు మూడేళ్ల సంపాదన అది. దాదాపు ఎవరూ గెలుచుకోలేకపోయారు. టీవీ లేదు, రేడియో లేదు, అయినా అమెరికాలో ప్రతి పిల్లాడికీ అతని పేరు తెలుసు. ఆటతో పది లక్షల డాలర్లకు పైగా సంపాదించిన మొదటి అమెరికన్ అని చాలామంది రాస్తారు.

మరి ఆ డబ్బు ఏమైంది? చాలావరకు బార్‌లకే పోయింది. బార్‌లోకి వచ్చి, ఈ గదిలో ఉన్న ఎవణ్ణయినా కొట్టగలనని గట్టిగా ప్రకటించడం, అందరికీ తానే మందు పోయించడం అతని అలవాటు. బోస్టన్‌లో సొంత బార్ కూడా తెరిచాడు. తాగుబోతు చేతిలో బార్ అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. 1884 జూన్‌లో న్యూయార్క్‌లోని మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో చార్లీ మిచెల్‌తో మ్యాచ్ ఉంది. జనం టికెట్లు కొనుక్కుని కూర్చున్నారు. సలివన్ బాక్సింగ్ డ్రెస్‌లో కాదు, పార్టీకి వెళ్లే సూట్‌లో, తూలుతూ వచ్చాడు. ఒంట్లో బాలేదు, ఆడలేనని చెప్పి వెళ్లిపోయాడు. ఒంట్లో ఏం బాలేదో హాల్లో అందరికీ తెలుసు.

ఇంట్లో పరిస్థితి ఇంకా ఘోరం. భార్య ఆనీ 1885లో విడాకుల కోసం కోర్టుకెళ్లింది. తాగుడు, క్రూరత్వం, ఇవే ఆమె చెప్పిన కారణాలు. కోర్టు విడాకులు ఇవ్వలేదు, కానీ ఇద్దరూ విడిగానే బతికారు. మరుసటి ఏడాది వాళ్ల చిన్న కొడుకు డిఫ్తీరియాతో చనిపోయాడు. ఇవి చదువుతున్నప్పుడు నాకు అతని మీద జాలి కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఇంకో విషయం కూడా దాచకుండా చెప్పాలి. నల్లజాతి బాక్సర్లతో టైటిల్ కోసం ఆడనని అతను ఖరాఖండిగా చెప్పేవాడు. పీటర్ జాక్సన్ లాంటి గొప్ప ఆటగాడికి ఆ కారణంగానే అతనితో ఆడే అవకాశం రాలేదు. కాబట్టి నేను దేవుడి కథ ఏమీ చెప్పట్లేదు.

1888 వచ్చేసరికి ఒళ్లు మొరాయించింది. మార్చిలో ఫ్రాన్స్‌లోని షాంటియీ దగ్గర, వర్షంలో, బురదలో, మళ్లీ అదే మిచెల్‌తో 39 రౌండ్లు ఆడి డ్రా చేసుకున్నాడు. అమెరికా తిరిగొచ్చాక జబ్బుపడ్డాడు. వారాల తరబడి మంచం దిగలేదు. ఇక బతకడేమో అనుకున్నారు. లేచాక ఊతకర్రలు లేనిదే నడవలేని స్థితి. అప్పటికి సరిగ్గా ముప్పై ఏళ్లు.

అతని పని అయిపోయిందని నమ్మినవాళ్లలో రిచర్డ్ ఫాక్స్ ఒకడు. నేషనల్ పోలీస్ గెజెట్ అనే పత్రిక యజమాని. సలివన్ అంటే అతనికి పడదు. జేక్ కిల్‌రెయిన్ అనే మంచి బాక్సర్‌ని పట్టుకుని, ఇతనే అసలు చాంపియన్ అని బెల్టు కూడా ఇచ్చేశాడు. సలివన్ ఊరుకోలేకపోయాడు. 1889 జనవరిలో ఒప్పందం రాసుకున్నారు: చెరో 10,000 డాలర్ల పందెం, ఉత్త పిడికిళ్లతో ఆట, గెలుపు ఓటమి తేలేదాకా ఎన్ని రౌండ్లయినా.

పందెం డబ్బు పెట్టినవాళ్లకి భయం పట్టుకుంది. కిల్‌రెయిన్ వల్ల కాదు, సీసా వల్ల. అప్పుడు రంగంలోకి వచ్చినవాడు విలియం మల్డూన్. గొప్ప రెజ్లర్, ఒకప్పుడు న్యూయార్క్ పోలీసు. క్రమశిక్షణ అంటే ప్రాణం. అతను పెట్టిన షరతు వింటే ఆశ్చర్యం వేస్తుంది. ట్రైనింగ్ ఖర్చు మొత్తం తనే పెట్టుకుంటాడు. సలివన్ గెలిస్తేనే తిరిగి తీసుకుంటాడు, ఓడితే పైసా వద్దు.

న్యూయార్క్ రాష్ట్రంలో బెల్‌ఫాస్ట్ అనే చిన్న ఊళ్లో మల్డూన్‌కి పొలం ఉంది. సలివన్‌ని అక్కడికి తీసుకెళ్లాడు. తెల్లారే లేవడం, మైళ్లకొద్దీ నడక, పొలం దున్నడం, కట్టెలు కొట్టడం, తాడు ఆట, రెజ్లింగ్, చల్లటి నీళ్లు, పెందలాడే పడక. మొదట్లో సలివన్ గొడవ చేసేవాడు, తిట్టేవాడు, అవకాశం దొరికితే ఊళ్లోకి జారుకునేవాడు. ఇతనికి మందు పోయొద్దని మల్డూన్ బార్ల వాళ్లకి ముందే చెప్పి పెట్టాడంటారు. అలా నెలలు గడిచాయి. పొట్ట కరిగింది, కళ్లు తేటపడ్డాయి. నెల్లీ బ్లై అనే జర్నలిస్ట్ ఆ పొలానికి వచ్చి అతన్ని ఇంటర్వ్యూ చేసింది. ఒక ఏడాది కూడా గడవకముందు ఊతకర్రల మీద ఉన్న మనిషి ఆమెకి ఆరోగ్యంగా, మర్యాదగా మాట్లాడుతూ కనిపించాడు.

1889 జూలై 8. అప్పటికి అమెరికాలో ఉన్న 38 రాష్ట్రాల్లోనూ పందెం బాక్సింగ్ చట్టవిరుద్ధం. అందుకే మ్యాచ్ ఎక్కడో ముందు ఎవరికీ చెప్పలేదు. న్యూ ఆర్లియన్స్ నుంచి జనాన్ని స్పెషల్ రైళ్లలో ఎక్కించుకుని, మిసిసిపి రాష్ట్రంలో రిచ్‌బర్గ్ అనే చోటికి తీసుకెళ్లారు. అక్కడ ఒక కోత మిల్లు యజమాని స్థలంలో రింగ్ కట్టారు. పొద్దున పదిన్నర కూడా కాకుండా మొదలైంది. నీడలోనే దాదాపు 38 డిగ్రీల ఎండ. పాత రూల్స్ ప్రకారం ఎవరైనా కింద పడితే రౌండ్ అయిపోయినట్టు. ముప్పై సెకన్ల విశ్రాంతి, ఆ తర్వాత ఎనిమిది సెకన్లలో మధ్య గీత దగ్గరికి రావాలి. రాలేకపోతే ఓటమి.

కిల్‌రెయిన్ ప్లాన్ సింపుల్. తాగుబోతుకి దమ్ము ఉండదు, తప్పించుకుంటూ తిరిగితే వాడే అలిసిపోతాడు. ఆలోచన తప్పేం కాదు, పాత సలివన్ మీదైతే పనిచేసేదే. కానీ ఎదురుగా ఉన్నది మల్డూన్ పొలం దున్నిన సలివన్. రౌండ్లు గడుస్తున్నాయి, ఎండ పెరుగుతోంది, ఒళ్లు కాలి బొబ్బలెక్కుతోంది, సలివన్ మాత్రం ముందుకే నడుస్తున్నాడు. 44వ రౌండ్‌లో ఒక్కసారి వాంతి చేసుకున్నాడు. కార్నర్‌లో టీలో విస్కీ కలిపి ఇచ్చారని, అదే తిప్పికొట్టిందని పేపర్లు రాశాయి. డ్రాకి ఒప్పుకుంటావా అని కిల్‌రెయిన్ అడిగాడు. సలివన్ ఒప్పుకోలేదు, మళ్లీ కొట్టడం మొదలుపెట్టాడు. 75 రౌండ్లు అయ్యాక, ఇంకొక్కటి ఆడితే మనిషి చచ్చిపోతాడని భయపడి కిల్‌రెయిన్ మనుషులు స్పాంజి విసిరేశారు. రెండు గంటల పదహారు నిమిషాల ఆట. ఉత్త పిడికిళ్లతో జరిగిన చివరి హెవీవెయిట్ టైటిల్ మ్యాచ్ అదే.

సినిమా అయితే ఇక్కడ పేర్లు పడాలి. తాగుడుకి బానిసైన ఆటగాడు మానేసి, కష్టపడి, తిరిగొచ్చి, గెలిచాడు. నేను మొదట చూసిన వీడియో కూడా సరిగ్గా ఇక్కడే అయిపోయింది. లైక్ కొట్టి పడుకున్నా.

మర్నాడు మిగతాది చదివా. సలివన్ మ్యాచ్ అయిన వెంటనే తాగడం మొదలుపెట్టాడు. మల్డూన్ నెలల తరబడి కట్టిన కంచె గెలిచిన రోజే కూలిపోయింది.

ఇక్కడే మా బాబాయ్ గుర్తొచ్చాడు. బాబాయ్ ప్రతి కార్తీకంలో అయ్యప్ప మాల వేస్తాడు. నలభై ఒక్క రోజులు నల్ల బట్టలు, చన్నీళ్ల స్నానం, నేల మీద పడక. చుక్క ముట్టడు. ఊరంతా స్వామీ అని పిలుస్తుంది. పిన్ని ముఖంలో వెలుగొస్తుంది. ఆ నలభై రోజుల్లో పొద్దున్నే స్కూల్ గ్రౌండ్‌కి వచ్చి పిల్లలకి కబడ్డీ నేర్పిస్తాడు. నాకు బోనస్ లైన్ దాటడం నేర్పింది అలాంటి ఒక డిసెంబర్‌లోనే. శబరిమల వెళ్లొచ్చి మాల తీస్తాడు. వారం తిరక్కుండా మళ్లీ మామూలే. నాకు పదేళ్లప్పుడు ఏడుపొచ్చేది. పదిహేనొచ్చాక కోపమొచ్చేది. దీక్షంతా నాటకం అనుకునేవాణ్ణి. ఒకసారి ఆ మాట పిన్నితో అన్నాను కూడా. పిన్ని ఏం మాట్లాడలేదు, లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

సలివన్ కథ చదివాక అది నాటకం కాదని అర్థమైంది. బెల్‌ఫాస్ట్‌లో సలివన్ మందు ముట్టకుండా బతికిన నెలలు నిజమే, 75 రౌండ్ల దమ్ము అబద్ధం కాదు. కానీ అక్కడ అతని చుట్టూ మల్డూన్ ఉన్నాడు, తేదీ ఉంది, పందెం ఉంది. అవి పోగానే ఏం చేయాలో అతనికి ఎవరూ నేర్పలేదు. మన భాషలో చెప్పాలంటే అది వర్కరౌండ్, ఫిక్స్ కాదు. డెమో రోజు ప్రోగ్రామ్ రన్ అయింది, అంతే. బగ్ అలాగే ఉంది.

తర్వాతి మూడేళ్లు టైటిల్ కోసం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. రిచ్‌బర్గ్ ఆట మీద మిసిసిపిలో కేసు నడిచింది. ఏడాది జైలు శిక్ష పడితే పై కోర్టులో తప్పించుకుని, చివరికి జరిమానా కట్టాడు. నాటకాల్లో వేషాలు వేశాడు, ఆస్ట్రేలియా తిరిగొచ్చాడు, తాగుతూనే ఉన్నాడు. 1892 సెప్టెంబర్ 7న న్యూ ఆర్లియన్స్‌లో జేమ్స్ కార్బెట్ ఎదురయ్యాడు. ఇతను బ్యాంకులో గుమాస్తాగా చేసినవాడు, తెలివిగా, కదులుతూ ఆడేవాడు. ఈసారి గ్లవ్స్‌తో ఆట. 21వ రౌండ్‌లో సలివన్ నాకౌట్ అయ్యాడు. టైటిల్ పోయింది. ఈసారి పక్కన మల్డూన్ లేడు. లేచి, తాళ్లు పట్టుకుని, ఓడింది ఒక అమెరికన్ చేతిలోనే కాబట్టి సంతోషమేనని జనానికి చెప్పి దిగిపోయాడు. అంత హుందాగా ఓడిపోవడం కూడా అందరికీ రాదు.

ఆ తర్వాత పన్నెండేళ్లు దిగజారుడే. డబ్బు పోయింది, అభిమానులిచ్చిన వజ్రాల బెల్టు తాకట్టుకి పోయింది, ఒళ్లు విపరీతంగా పెరిగింది. బార్‌లలో పాత గొప్పలు చెప్పుకునే మనిషిగా మిగిలాడు.

1905 మార్చి 1న మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో ఒక చిన్న మ్యాచ్ ఆడాడు. వయసు 46. ఎదురుగా తనకంటే చాలా చిన్నవాడు, జిమ్ మెకార్మిక్. జనం నవ్వుకోవడానికి వచ్చారేమో. సలివన్ రెండో రౌండ్‌లో అతన్ని పడగొట్టాడు. అదే అతని ఆఖరి నిజమైన పోరాటం. నాలుగు రోజుల తర్వాత, ఇండియానాలోని టెరె హోట్ అనే ఊళ్లో ఒక హోటల్ బార్‌లో నిలబడి షాంపేన్ తెప్పించుకున్నాడు. గ్లాసు ఎత్తాడు. తాగకుండా ఉమ్మితొట్టిలో పారబోశాడు. ఇక జీవితంలో ముట్టనని అక్కడున్నవాళ్ల ముందు ఒట్టు వేశాడు.

ఎవరైనా నమ్ముతారా? నేనైతే నమ్మేవాణ్ణి కాదు. ఇరవై ఏళ్లకు పైగా తాగిన మనిషి, బార్‌లో నిలబడి, గెలిచిన ఊపులో వేసిన ఒట్టు. కానీ ఈసారి నిలబెట్టుకున్నాడు. చనిపోయేదాకా, దాదాపు పదమూడేళ్లు.

ఆలోచిస్తే విచిత్రంగా ఉంటుంది. ఈసారి మల్డూన్ లేడు. 10,000 డాలర్ల పందెం లేదు. ఏ తేదీ కోసమూ ఎదురుచూడట్లేదు. మానేస్తే తిరిగొచ్చే టైటిల్ కూడా లేదు. మొదటిసారి మానేసింది కిల్‌రెయిన్‌ని కొట్టడానికి. రెండోసారి మానేసింది మానేయడానికే. ఎందుకు సరిగ్గా ఆ రోజే, అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. కానీ తేదీ లేని నిర్ణయం కాబట్టి దానికి ఎక్స్‌పైరీ కూడా లేకుండా పోయిందని నాకనిపిస్తుంది.

ఇంకో తమాషా ఏంటంటే, ఆట కూడా తిరిగొచ్చింది, వేరే రూపంలో. కొన్నేళ్ల తర్వాత అతను ఊరూరా తిరుగుతూ ఎగ్జిబిషన్ రౌండ్లు ఆడాడు. పార్ట్‌నర్ ఎవరనుకున్నారు? జేక్ కిల్‌రెయిన్. ఒకప్పుడు ఎండలో చచ్చేదాకా కొట్టుకున్న ఇద్దరూ యాభై ఏళ్ల వయసులో, పొట్టలతో, గ్లవ్స్ వేసుకుని సరదాగా మూడు రౌండ్లు ఆడేవాళ్లు. మంచి స్నేహితులైపోయారు. మధ్యలో సలివన్ మందు వల్ల తనకి జరిగిన నష్టం గురించి స్టేజీల మీద చెప్పేవాడు. 1910లో జాక్ జాన్సన్, జెఫ్రీస్ మ్యాచ్‌కి న్యూయార్క్ టైమ్స్ తరఫున రెనో వెళ్లి, నల్లజాతి చాంపియన్ న్యాయంగా ఆడి గెలిచాడని తన పేరు మీద రాశాడు. పాత తప్పు దానితో చెరిగిపోదు, కానీ ఆ మాట రాసింది ఆ మనిషే. అదే ఏడాది చిన్నప్పటి స్నేహితురాలు కేథరిన్‌ని పెళ్లి చేసుకుని, మసాచుసెట్స్‌లోని అబింగ్టన్‌లో పొలం చూసుకుంటూ బతికాడు. ఒకప్పుడు మల్డూన్ బలవంతంగా చేయించిన పొలం పని, ఇప్పుడు తనంతట తనే.

1918 ఫిబ్రవరి 2న గుండె ఆగి చనిపోయాడు. 59 ఏళ్లు. ఆ చలికి బోస్టన్ శ్మశానంలో నేల గడ్డకట్టి ఉంటే, గొయ్యి తవ్వడానికి డైనమైట్ పెట్టాల్సి వచ్చిందని చెబుతారు. శవపేటిక మోసినవాళ్లలో కిల్‌రెయిన్ ఉన్నాడు.

అందరూ గుర్తుపెట్టుకునేది 1889 నాటి గెలుపుని. క్విజ్‌లో వచ్చేదీ అదే. నాకు మాత్రం 1905 నాటి ఆ పారబోసిన గ్లాసు పెద్దదనిపిస్తుంది. అయితే మొదటిది వేస్ట్ అని కూడా అనను. మందు లేకుండా తన ఒళ్లు ఎలా ఉంటుందో సలివన్‌కి మొదటిసారి తెలిసింది బెల్‌ఫాస్ట్ పొలంలోనే. పదహారేళ్ల తర్వాత ఆ బార్‌లో నిలబడ్డప్పుడు, అది వీలవుతుందని తెలిసిన మనిషిగానే నిలబడ్డాడు.

బాబాయ్ ఈసారి మాల తీసి మూడు నెలలు దాటింది. ఇంకా ముట్టలేదని పిన్ని ఫోన్‌లో మెల్లగా చెప్పింది, గట్టిగా చెబితే ఎక్కడ దిష్టి తగులుతుందో అన్నట్టు. నేను శుభాకాంక్షలూ చెప్పలేదు, ఎన్నాళ్లో చూద్దాం అని కూడా అనలేదు. అప్పుడు నాటకం అన్న మాటకి సారీ మాత్రం చెప్పాను. సెలవుల్లో ఇంటికి వెళ్తున్నా. పొద్దున ఆరింటికి గ్రౌండ్‌కి వస్తావా బాబాయ్ అని మెసేజ్ పెట్టా. ఐదున్నరకే రమ్మని రిప్లై వచ్చింది.